సెలవు మీద వచ్చే అమ్మకు రాసిన కాగితం

జూన్ నెల, మూడో గురువారం. సాయంత్రం నాలుగు గంటలు. అమలాపురంలో మా ఇంటి ముందు గది.

హాజరైనవారు: శిరీష, సైన్యంలో నర్సింగ్ ఆఫీసరు. సత్తిబాబు, ఆమె మాజీ భర్త, కొత్తపేటలో కొబ్బరికాయల వ్యాపారం. అచ్చాయమ్మ గారు, సత్తిబాబు తల్లి. హాసిని, ఏడేళ్లు, శిరీషా సత్తిబాబుల కూతురు. కాసేపు గదిలో, ఎక్కువసేపు పెరట్లో మా ఆవిడ దగ్గర. నేను.

నా డైరీలో ఆ రోజు పేజీ ఇలా మొదలవుతుంది. వకీలుగా ప్రాక్టీసు ఆపేసి అప్పటికి మూడు నెలలు. నల్లకోటు ఉతికించి బీరువాలో పెట్టేశాను. అయినా వీళ్లందరినీ ఇంటికి రమ్మని పిలిచింది నేనే. వాళ్ల మధ్య వచ్చిన చిక్కు నేను రాసిన కాగితం వల్ల వచ్చింది. దాన్ని సరిచేయకుండా రిటైరయ్యానని చెప్పుకోవడం నాకు నచ్చలేదు.

ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు, ముఖ్యంగా విడిపోయిన దంపతుల పిల్లల వ్యవహారాలు చూసేవాళ్లు, అప్పుడప్పుడూ వచ్చి ఏదైనా చెప్పమంటారు. గెలిచిన కేసుల గురించి చెప్పడానికి చాలామంది ఉన్నారు. నేను చెడగొట్టిన ఒక వ్యవహారం గురించి రాస్తాను. అది మీకు ఎక్కువ పనికొస్తుంది.

ఎవరి ఎనిమిది గంటలు?

ముందు మా సీనియర్ గారి గురించి రెండు మాటలు. ఆయన సివిల్ కేసుల్లో పేరు మోసిన మనిషి. కానీ పిల్లల వ్యవహారం వస్తే చట్టం పుస్తకం తీసేవారు కాదు. పిల్లను తనకే అప్పగించాలని వచ్చిన తండ్రినో తల్లినో ఎదురుగా కూర్చోబెట్టి, "పిల్లకి ఏ కూరంటే ఇష్టం? బడికి ఎవరు దింపుతారు? పక్కింట్లో స్నేహితురాలి పేరేంటి?" అని అడిగేవారు. తెలియక నీళ్లు నమిలితే, "నెల్లాళ్లు ఇంట్లో ఉండి, తెలుసుకుని రండి. కోర్టెక్కడికీ పోదు," అని పంపేసేవారు. అలా వెళ్లినవాళ్లలో కొందరు మళ్లీ రాలేదు. ఫీజు పోయిందని నేను లోపల గొణుక్కునేవాణ్ని.

నేను ఆయన దగ్గర చేరిన రెండో ఏడాది, గల్ఫ్‌లో డ్రైవరుగా పనిచేసే ఒకతని కేసు నాకు అప్పగించారు. పిల్లలు తల్లి దగ్గర. తండ్రి రోజూ రాత్రి ఎనిమిదికి ఫోన్లో మాట్లాడవచ్చని ఒప్పందం రాశాను. చాలా బాగా రాశాననుకున్నాను. మూడు నెలలకే అతని దగ్గర్నుంచి తిట్లతో ఉత్తరం. ఎప్పుడు ఫోను చేసినా పిల్లలు పడుకున్నారంటోందట. కావాలనే మాట్లాడనివ్వడం లేదట.

సీనియర్ గారు కాగితం చూసి పకపకా నవ్వారు. "ఎనిమిదంటే ఎక్కడి ఎనిమిదిరా? అతని ఎనిమిదా, పిల్లల ఎనిమిదా? అక్కడ ఎనిమిదైతే ఇక్కడ పదిన్నర. రెండో క్లాసు పిల్లలు పదిన్నరకి మేలుకుని ఉంటారా?"

'భారత కాలమానం ప్రకారం' అని మూడు మాటలు చేర్చాక ఆ ఇంట్లో గొడవ ఆగిపోయింది. అప్పట్నుంచి ఏ ఒప్పందంలోనైనా ఆ మూడు మాటలూ తప్పకుండా రాసేవాణ్ని. ఆ పాఠం గడియారానికే అనుకున్నాను. క్యాలెండరుకు కూడా అని తెలియడానికి నాకు ముప్పై ఏళ్లు పట్టింది.

తయారుగా ఉన్న పేరా

శిరీష ఊరు తాటిపాక. నర్సింగ్ చదివి, పరీక్ష రాసి సైన్యంలో చేరింది. సత్తిబాబు నెమ్మదస్తుడు. ఏం చెప్పినా "ఆయ్" అంటాడు. ఆ "ఆయ్" ఒప్పుకోవడమా, విన్నానని చెప్పడమా అన్నది తర్వాతగానీ తెలియదు. ఆమె ఉద్యోగం ఊరూరూ తిప్పేది, అతని వ్యాపారం తోట వదలనిది. నాలుగేళ్లు ఓర్చుకుని విడిపోయారు. ఈ కథలో దుర్మార్గులు లేరు. ముందే చెబుతున్నాను, ఎవరో ఒకరు బయటపడతారని చివరిదాకా చూడకండి.

విడాకులప్పుడు పాప తల్లి దగ్గర ఉండాలని ఇద్దరూ ఒప్పుకున్నారు. శిరీష అప్పుడు పెద్ద ఊళ్లో మిలిటరీ ఆసుపత్రిలో పనిచేసేది. క్వార్టర్సు ఉండేవి, పక్కనే బడి. మూడేళ్లు బాగానే జరిగింది. తర్వాత ఆమెను సరిహద్దు ప్రాంతానికి వేశారు. అక్కడికి కుటుంబాలను తీసుకువెళ్లకూడదు. కాలం రెండేళ్లు. అప్పుడు పాపకు ఆరేళ్లు. ఆ రెండేళ్లూ తండ్రి దగ్గర, కొత్తపేటలో ఉంచాలి. ఇద్దరూ కలిసే నా దగ్గరికి వచ్చారు. ఇద్దరికీ నమ్మకస్తుణ్నని నాకు గర్వంగా అనిపించింది.

మా దగ్గర ఇలాంటి ఒప్పందాలకు ఒక పేరా ఎప్పుడూ తయారుగా ఉంటుంది. 'పిల్ల ఎవరి దగ్గర ఉండదో వారు ప్రతి నెలా రెండో, నాలుగో ఆదివారాల్లో ఉదయం పది నుంచి సాయంత్రం ఐదు వరకు పిల్లను తమ వద్ద ఉంచుకోవచ్చును.' నేను ఎన్ని కాగితాల్లో ఆ పేరా పెట్టానో లెక్కలేదు. రాజోలులో ఒకరు, అమలాపురంలో ఒకరు ఉండే దంపతులకు అది చక్కగా సరిపోతుంది. టైపిస్టుకు అది నోటికి వచ్చు. నేను చెప్పకముందే కొట్టేసింది. నేను చదివి, 'భారత కాలమానం ప్రకారం' ఉందో లేదో చూసి, తృప్తిగా సంతకాలు పెట్టించాను. మర్నాడు శిరీషకు రైలు. ఆమె నిలబడే సంతకం పెట్టింది.

సైన్యంలో ఉన్న మనిషికి ఆదివారం సెలవు ఎక్కడుంటుంది? ఏడాదికి ఒకటి రెండుసార్లు ఒక్క ముద్దగా సెలవు ఇస్తారు. అదీ ఎప్పుడిస్తారో పదిహేను రోజుల ముందు కూడా తెలియదు. మంచు పడితే దారి మూసేస్తారు, సెలవు వాయిదా. ఇది తెలుసుకోవడానికి నేను పుస్తకాలు తిరగెయ్యక్కర్లేదు. ఎదురుగా కూర్చున్న మనిషిని ఒక్క మాట అడిగితే చాలు. అడగలేదు.

ఒక్క ఆదివారం

నవంబరులో శిరీషకు సెలవు వచ్చింది. మూడు రైళ్లు మారి, రెండో ఆదివారం వెళ్లిపోయిన మర్నాడు తాటిపాకలో పుట్టింటికి చేరింది. మంగళవారం పొద్దున్నే కొత్తపేట వెళ్లింది. పాపను పుట్టింటికి తీసుకువెళ్లి పదిరోజులు ఉంచుకుంటానని అడిగింది. సత్తిబాబు "ఆయ్" అన్నాడు. అచ్చాయమ్మ గారు లోపలికి వెళ్లి నా కాగితం తెచ్చారు.

ఆ సెలవు మొత్తానికి కాగితం ప్రకారం ఆమెకు దక్కింది ఒక్క నాలుగో ఆదివారం. ఏడు గంటలు. ఆ తర్వాత వచ్చే రెండో ఆదివారానికి ఆమె మళ్లీ కొండల్లో ఉంది.

వెళ్లేముందు శిరీష నా ఆఫీసుకు వచ్చింది. కోపంగా ఒక్క మాట అనలేదు. గోడ మీద క్యాలెండరు చూపించి, "ప్లీడరు గారూ, మీరే చూడండి. నాకు ఎన్ని రోజులొచ్చేయో," అంది. తర్వాత, "మొన్నాదివారం వెళ్లగానే హాసిని నన్ను 'మీరెప్పుడొచ్చేరు?' అనడిగిందండి. 'మీరు' అంది. ఇంటికొచ్చిన చుట్టాన్ని అడిగినట్టు," అంది.

నేనేం చెప్పానో తెలుసా? పిటిషను వేద్దామన్నాను. నోటీసు అందేసరికి సెలవు అయిపోతుందని ఆమే చెప్పింది. "సరే, వచ్చే సెలవుకు చూద్దాం," అన్నాను. అది అన్నప్పుడు నా చేతిలో ఇంకో క్లయింటు ఫైలు ఉంది.

నేను డైరీ రాసే పద్ధతి ఒకటుంది. ఎడమ పేజీలో ఆ రోజు జరిగినది, కుడి పేజీలో నేను చేసిన తప్పు. ప్రాక్టీసు మానేశాక, మే నెలలో పాత డైరీలు సర్దుతుంటే నవంబరులో ఆ రోజు పేజీ కనబడింది. ఎడమవైపు: 'శిరీష వచ్చి వెళ్లింది. వచ్చే సెలవుకు చూద్దామని చెప్పాను.' కుడివైపు ఖాళీ. ఆ ఖాళీ చూసి నాకు చాలా సిగ్గేసింది. వెంటనే సత్తిబాబుకు ఫోను చేసి, ఈసారి ఆమె సెలవు మీద రాగానే అందరూ మా ఇంటికి రావాలని చెప్పాను. "ఆయ్" అన్నాడు. ఆ "ఆయ్" నిజంగా ఒప్పుకోవడమేనని జూన్‌లో వాళ్లు గేటు తీసుకుని వచ్చేదాకా నమ్మకం కలగలేదు.

అచ్చాయమ్మ గారి ప్రశ్న

అచ్చాయమ్మ గారు వస్తూనే మా ఆవిడ చేతిలో పనసపొట్టు సంచి పెట్టి, "ఫీజనుకోకండమ్మా, ఆవ పెట్టి వండుకోండి," అన్నారు. నన్ను ఎగాదిగా చూసి, "కోటు లేపోతే మా ఊరి పోస్టుమాస్టరు గారిలా ఉన్నారండీ మీరు," అన్నారు. హాసిని ఆవిడ చీర కుచ్చెళ్లు పట్టుకుని ఉంది. శిరీష అప్పటికే వచ్చి కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. పాప తల్లి వైపు చూసింది, నవ్వింది, కానీ కుచ్చెళ్లు వదల్లేదు. మా ఆవిడ గట్టిపకోడీల ప్లేటు చూపించి పాపను పెరట్లోకి తీసుకువెళ్లింది.

నేను కాగితం బల్ల మీద పెట్టి, "ఇందులో తప్పు నాది," అని మొదలుపెట్టాను.

"అయ్యో, అలాగనకండి," అన్నాడు సత్తిబాబు.

"అననీరా. ప్లీడరు తప్పొప్పుకోడం నా డెబ్బయ్యేళ్లలో ఇదే మొదలు. విననీ నన్ను," అన్నారు అచ్చాయమ్మ గారు.

సెలవు మీద వచ్చిన తల్లికి ఆదివారాలు రాయడం ఎంత తెలివితక్కువ పనో చెప్పాను. తర్వాత నెమ్మదిగా అడిగాను, "కాగితంలో లేకపోయినా, నవంబరులో ఇంకో నాలుగు రోజులు పాపను పంపి ఉండొచ్చు కదండీ?"

శిరీష అందుకుంది. "నేను గేటు దగ్గర నిలబడి అడిగేనండి. కనీసం ఆ రాత్రికి ఉంచమన్నాను. ఐదు కొట్టగానే అత్తయ్య గారు చెయ్యి పట్టుకు లోపలికి తీసుకెళ్లిపోయేరు." విడాకులైనా ఆమె ఆవిడను అత్తయ్య గారనే అంటుంది.

"అవును, తీసుకెళ్లేను," అన్నారు అచ్చాయమ్మ గారు. "నాకు చదువు రాదు. అయినా కాగితంలో ఐదని ఎక్కడుందో తెలుసు. సత్తిబాబు చేత ఎర్ర గీత పెట్టించేను. ఇప్పుడు నేనో మాట అడుగుతాను, చెప్పండి ప్లీడరు గారండీ. ఆ ఆదివారం తల్లి దగ్గర్నుంచి తీసుకొచ్చేక, పిల్ల పదకొండు రోజులు అన్నం ముట్టలేదు. పెరుగన్నం రెండు ముద్దలు, అంతే. అమ్మేదీ, అమ్మేదీ అని గేటు దగ్గరే కూచునేది. బడికి పంపితే ఏడ్చి వాంతి చేసుకునేది. ఏడు గంటలు చూపించి లాక్కుంటే పసిదాని ప్రాణం ఎలా ఉంటదండీ? దానికి మీ కాగితంలో ఏం రాసేరు?"

ముప్పై అయిదేళ్ల ప్రాక్టీసులో ఎందరో జడ్జీల ముందు నిలబడ్డాను. జవాబు లేకపోయినా ఏదో ఒకటి చెప్పడం అలవాటైన నోరు నాది. ఆ రోజు బల్ల మీది కాగితాన్ని నా వైపు లాక్కుని, ఆ ఆదివారాల పేరాను అడ్డంగా కొట్టేశాను.

శిరీష నిటారుగా కూర్చుంది. "పదకొండు రోజులా? నాకెవరూ చెప్పలేదు."

"ఎలా చెప్పమంటావే? నువ్వు తుపాకుల మధ్య ఉంటే, నీ కూతురు అన్నం తినట్లేదని ఫోను చెయ్యమంటావా? నీకు ముద్ద దిగుద్దా అక్కడ?"

"నన్ను మర్చిపోయిందనుకున్నానండి. అది 'మీరు' అన్న మాట పట్టుకుని నేను..." అంటూ ఆగిపోయింది. యుద్ధంలో గాయపడినవాళ్లకు కట్లు కట్టే మనిషి, చీర చెంగు కోసం వెతుక్కుంది. ఆమె వేసుకున్నది చుడీదారు. అచ్చాయమ్మ గారు తన చెంగు అందించారు. "తుడుచుకో. ప్లీడరు గారి కుర్చీ తడిపేత్తావు."

అప్పుడు నాకు అర్థమైంది. ఆవిడ నా కాగితాన్ని కోడలి మీద కోపంతో పట్టుకోలేదు. పిల్లకు మళ్లీ ఆ దెబ్బ తగలకుండా అడ్డం పెట్టుకున్నారు. ఒక ఇంట్లో ఎవరైనా కాగితాన్ని అంత గట్టిగా పట్టుకున్నారంటే దాని వెనుక ఏదో భయం ఉంటుంది. ముందు అదేమిటో కనుక్కోండి. నేను ఏడు నెలలు ఆలస్యంగా కనుక్కున్నాను.

సత్తిబాబు "ఆయ్" అనలేదు

ఇక సులువుగా తేలిపోతుందనుకున్నాను. సెలవు ఇరవై ఆరు రోజులూ పాప తల్లి దగ్గర ఉండాలని చదివాను. సత్తిబాబు "ఆయ్" అంటాడని కలం పట్టుకుని చూస్తున్నాను. అతను అనలేదు.

"ఇరవయ్యారు రోజులు తనతో ఉన్నాక, పిల్ల తిరిగి మా దగ్గరికొత్తాదాండీ?" అన్నాడు నేల చూస్తూ. "వచ్చే ఏడాది పోస్టింగు అయిపోతే ఎలాగూ తీసుకుపోతుంది. ఏడాదిగా నేను దానికి జడెయ్యడం నేర్చుకున్నానండి. మొదట్లో ఎలకతోకలా వచ్చేది. ఇప్పుడు బళ్లో టీచరమ్మ గారే అడుగుతున్నారు ఎవరేసేరని." అప్పుడు అసలు మాట బయటపెట్టాడు. "మా ఊళ్లో ఒకాయన చెప్పేరండి. పిల్ల రెండేళ్లు మా దగ్గర అలవాటు పడిపోతే, ఇంక కోర్టు కదపదంట. తల్లే వదిలేసి వెళ్లిందని రాయించొచ్చంట."

శిరీష లేచి నిలబడింది. ఏడుపు ఎక్కడికి పోయిందో తెలియదు. "వదిలేసి వెళ్లేనా? నేను వెళ్లలేదు, నన్ను పంపేరు. నా పిల్లని మీ చేతిలో పెట్టి, మీరే దిక్కని వెళ్లేను. అది వదిలెయ్యడమా?"

ఆ ఊరాయన చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. చిక్కంతా అక్కడే. కోర్టు చూసేది పిల్ల మేలు. పిల్ల ఎక్కడ కుదురుకుందో దానికి చాలా విలువ ఉంటుంది. దేశం పని మీద వెళ్లిన తల్లికి, ఆ వెళ్లడమే ఎదురు తిరగవచ్చు. ఈ సంగతి శిరీషకు తెలుసు. కొండ మీద ఆమెను భయపెట్టింది అదే. నా కాగితంలో ఆ భయానికి అడ్డుగా ఒక్క వాక్యం లేదు.

నేను ఏదో చెప్పబోయేలోగా అచ్చాయమ్మ గారు కొడుకు వైపు తిరిగారు. "ఒరేయ్, మీ నాన్న కొబ్బరి లోడు మీద నాగపూరెళ్తే నెలకిగానీ వచ్చేవాడు కాదు. అప్పుడు నిన్ను వదిలేసేడని నేనెవరికైనా చెప్పేనా? చెప్తే ఊరుకుందువా? ఊరాయన మాటలు ఊరాయనకే ఇచ్చెయ్. ఆడపిల్ల తల్లిని దొంగదాన్ని చేసి, నువ్వేసిన జడతో ఊరేగుతావేంటి?"

సత్తిబాబు లేచి, గుమ్మం దాకా వెళ్లి, పెరట్లో ఉన్న పాపను చూసి వచ్చి కూర్చున్నాడు. నేను తొందరపెట్టలేదు. ఈ ఒక్క పని ఆ సాయంత్రం సరిగ్గా చేశాను. చివరికి, "రాయండి ప్లీడరు గారూ. డ్యూటీ మీద ఉండడం వదిలెయ్యడం కాదని రాయండి. ముందు అదే రాయండి," అన్నాడు.

అదే ముందు రాశాను.

పక్క వాటా

తర్వాత బడి సంగతి వచ్చింది. జూన్‌లో బడులు తెరిచేశారు. పాప బడి కొత్తపేటలో, శిరీష పుట్టిల్లు తాటిపాకలో. రోజూ అంత దూరం ఏడేళ్ల పిల్లను తిప్పలేం. నేను కలం తీసి, "శుక్రవారం సాయంత్రం నుంచి సోమవారం ఉదయం వరకు..." అని మొదలుపెట్టాను.

"మళ్లీ వారాలు మొదలెట్టేరా?" అన్నారు అచ్చాయమ్మ గారు. నేను కలం మూసేశాను.

ఆవిడే చెప్పారు. "మా ఇంట్లో పక్క వాటా ఖాళీగా ఉంది. బ్యాంకాయన బదిలీ అయ్యి వెళ్లిపోయేడు. వీధి గుమ్మం వేరు, పంపు వేరు. సెలవొచ్చినప్పుడల్లా అందులో ఉండమనండి. పిల్ల అటూ ఇటూ తిరుగుతుంది."

"అమ్మా, ఊళ్లో ఏవనుకుంటారే?" అన్నాడు సత్తిబాబు.

"ఊరొచ్చి పిల్లకి అన్నం తినిపించిందా ఆ పదకొండు రోజులూ?"

శిరీష ఆలోచించింది. విడిపోయిన భర్త ఇంటి పక్క గోడ అది. "నా వంట నేను చేసుకుంటాను. మీ గుమ్మంలోకి రానండి, అత్తయ్య గారూ. మీరూ పిలవకుండా నా గుమ్మంలోకి రాకూడదు," అంది.

"రాను. కేకేసే వస్తాను. నా గొంతు నీకు తెలుసుగా."

ఇలాంటి ఏర్పాటు నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. అన్ని ఇళ్లకూ పనికిరాదు కూడా. మనుషుల మధ్య విషం ఉంటే ఇది ప్రమాదం. కానీ ఆ గదిలో ఉన్న ముగ్గురికీ సరిపోయింది. మనం చట్టం చదివినవాళ్లం కాబట్టి పరిష్కారం మన దగ్గరే ఉంటుందనుకుంటాం. వాళ్ల ఇంట్లో ఖాళీ గది ఉందో లేదో మనకెలా తెలుస్తుంది?

పాప అడిగిన మాట

హాసినిని లోపలికి పిలిచాం. చాలాకాలం కిందట, సాక్షిగా వచ్చిన ఒక చిన్నపిల్లను నేను "అమ్మ కావాలా, నాన్న కావాలా?" అని అడగబోతే జడ్జి గారు ఆపేశారు. "వాళ్ల చేత తల్లిదండ్రులను తూకం వేయించకండి," అన్నారు. అప్పట్నుంచి ఆ ప్రశ్న ఎవర్నీ అడగలేదు. పాపను కూడా అడగలేదు. జరగబోయేది మాత్రం చెప్పాను. "అమ్మ ఇవాళ్టి నుంచి సెలవు అయ్యేదాకా మీ పక్క వాటాలో ఉంటుంది. నువ్వు బడికి వెళ్తావు, అమ్మ దగ్గరికీ వెళ్తావు, నాన్న దగ్గరికీ వెళ్తావు. సరేనా?"

పాప నా గోడ గడియారం వైపు చూసింది. "ఐదింటికి తీసుకొచ్చేస్తారా?"

నేను శిరీష వైపు చూశాను. ఆమె సత్తిబాబు వైపు చూసింది. జవాబు సత్తిబాబు చెప్పాడు. "లేదమ్మా. ఐదైపోయినా అమ్మ అక్కడే ఉంటుంది. నువ్వూ ఉండొచ్చు."

పాప తలాడించింది. నమ్మినట్టు నాకు అనిపించలేదు. నాన్న మాట నిజమో కాదో తర్వాత చూసుకుంటుంది, పిల్లలు అంతే. తల్లి పక్కకు వెళ్లి, రెండు వేళ్లతో ఆమె చుడీదారు అంచు పట్టుకుని నిలబడింది. నాన్నమ్మ కుచ్చెళ్లు పట్టుకున్నంత గట్టిగా కాదు.

చివరికి ఏం రాశాం

మీలో ఎవరికైనా సైన్యంలో ఉన్న తల్లో తండ్రో క్లయింటుగా వస్తే, తయారుగా ఉన్న పేరా ముట్టుకోకండి. మేం రాసింది క్లుప్తంగా చెబుతాను. ఆమె డ్యూటీ మీద దూరంగా ఉన్న కాలాన్ని పిల్లను వదిలినట్టు ఎవరూ ఎక్కడా చెప్పకూడదు. సెలవు ఎప్పుడొస్తే అప్పుడు, ఆమె ఊళ్లో దిగిన రోజు నుంచి బయలుదేరే రోజు దాకా పాప ఆమెతో గడుపుతుంది. వారం, తిథి లెక్క లేదు. ఫోనుకు వేళ లేదు. కొండ మీద సిగ్నలు దొరికినప్పుడు చేస్తుంది, పాప నిద్రలో ఉంటే లేపరు, లేచాక ఫలానా వేళకు అమ్మ చేసిందని చెబుతారు. అన్నం తినకపోయినా, జ్వరం వచ్చినా ఆమెకు చెప్పాలి, దాచకూడదు. ఇది శిరీష పట్టుబట్టి రాయించింది. ఆసుపత్రిలో సంతకం తండ్రి పెట్టవచ్చు. సెలవుల్లోనూ బడి మాన్పించకూడదు. ఇది సత్తిబాబు రాయించాడు. పోస్టింగు ముగిసి క్వార్టర్సు దొరికాక పాప తల్లి దగ్గరికి వెళుతుంది, అది కూడా చదువు ఏడాది మధ్యలో కాదు. అప్పుడు తండ్రికి వేసవి సెలవులన్నీ. ఈ చివరి మాట శిరీష తనంతట తానే చెప్పింది. సత్తిబాబు విని, తలెత్తి, "ఆయ్," అన్నాడు. ఆ "ఆయ్" అర్థం నాకు వెంటనే తెలిసింది.

మర్నాడు పదింటికి మా జూనియరు వచ్చి, కాగితాన్ని కోర్టులో దాఖలు చేయడానికి తీసుకువెళ్లేటట్టు ఏర్పాటు చేశాను. దాఖలు కాని ఒప్పందం గాలిలో మాట. అది మర్చిపోకండి. అందరూ సత్తిబాబు కారులోనే కొత్తపేట బయలుదేరారు. ముందు సీట్లో అచ్చాయమ్మ గారు, వెనక తల్లీ కూతురూ.

మర్నాడు ఉదయం

శుక్రవారం. పదికి పావుగంట తక్కువ. జూనియరు కోసం కాగితాలు సర్దుతుంటే ఫోను మోగింది. అచ్చాయమ్మ గారు. పక్కనున్నవాళ్లు వినకూడదన్నట్టు గుసగుసగా మాట్లాడుతున్నారు. ఆవిడ గుసగుస నేనెప్పుడూ వినలేదు.

"ప్లీడరు గారండీ, ఓ తప్పు జరిగిపోయిందండి."

చేతిలో కాగితాలు బల్ల మీద పెట్టేశాను. "ఏమైందండీ?"

"పిల్ల రాత్రి నా పక్కలోనే పడుకుంది. అమ్మ దగ్గరికెళ్తావా అంటే రేపెళ్తానంది. తెల్లారగట్ల చూద్దును గదా, పక్కలో లేదు. పరుగెత్తుకెళ్లి చూస్తే పక్క వాటా తలుపు తీసుంది. దోమతెరలో తల్లి పక్కన పడుకుందండి, కాలు మీదేసుకుని. ఎప్పుడెళ్లిందో ఏమో."

"మంచిదే కదండీ. తప్పేముంది?"

"బడండీ. బడి బస్సు వచ్చి హారను కొట్టి కొట్టి వెళ్లిపోయింది. సత్తిబాబు లేపుతానని బయల్దేరేడు. నేనే గుమ్మానికి అడ్డం కూచున్నాను. తల్లి మూడ్రోజులు రైలు ప్రయాణం చేసొచ్చింది, ఇది ఏడాదిగా సరిగ్గా నిద్దరోలేదు. ఇద్దరికీ ఒళ్లు తెలీట్లేదండి. బడి మాన్పించకూడదని రాసేరుగా మీరు? మొదటి రోజే మాట తప్పేం. కోర్టు వాళ్లేమైనా అంటారా?"

"ఇంకా దాఖలు కాలేదండి," అన్నాను.

"అయితే లేపమంటారా?"

"వద్దండి. పడుకోనివ్వండి."

"ఆయ్. నేనూ అదే అనుకున్నానండి," అని ఫోను పెట్టేశారు.